పొగ లేని వంటకు పొగ వాసన ఎలా?

అమెరికాలో బేకన్ వేసిన బీన్స్‌ను మామూలు స్టవ్ మీద కూడా వండుతారు. అయినా పొగ వాసన గుప్పుమంటుంది. ఎందుకు?

బేకన్ అంటే ఉప్పులో ఊరబెట్టి, హికరీ వంటి కట్టెల పొగ పట్టించిన పందిమాంసం. కట్టె కాలేటప్పుడు అందులోని లిగ్నిన్ విడిపోయి గ్వాయకాల్ వంటి పదార్థాలు పుడతాయి. ఆ వాసన ముఖ్యంగా వీటిదే. ఇవి కొవ్వులో బాగా కరుగుతాయి.

అందుకే బేకన్ ముక్కల్ని సన్నని సెగ మీద వేయిస్తారు. కొవ్వు కరిగి బయటికొస్తుంది. అందులో ఉల్లిపాయలు వేయించి బీన్స్ కలిపితే, ప్రతి గింజకూ ఆ వాసన పడుతుంది.

ఈ వంట త్వరగా కూడా అయిపోతుంది. ఎలా? డబ్బాలో వచ్చే బీన్స్ ముందే ఉడికినవి కాబట్టి! ఎండు గింజలైతే నానబెట్టి చాలాసేపు ఉడికించాలి. అవి మెత్తబడ్డాకే టమాటా, వెనిగర్ వేయాలి. పులుపు తగిలితే గింజలు త్వరగా ఉడకవు. మన ఇళ్లలో కందిపప్పు ఉడికాకే చింతపండు పులుసు పోసేదీ ఇందుకే.