పేటలో పక్షుల తిరునాళ్లు

జనవరిలో సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోటకు వెళ్లేవాళ్లు పులికాట్ మధ్యలో బండి ఆపకుండా ఉండలేరు. రోడ్డుకు రెండు పక్కలా సరస్సే. లోతులేని ఆ ఉప్పునీళ్లలో బారులు తీరి నిలబడిన ఫ్లెమింగోలు దూరానికి తెల్లగా కనిపిస్తాయి. ఒక్కటి రెక్క విప్పిందా, లోపలి ఎరుపు భగ్గుమంటుంది. తల కిందులుగా నీళ్లలో ముంచి, వంకర ముక్కుతో బురదనీటిని వడగట్టి, నాచునూ రొయ్యల్లాంటి చిన్న జీవులనూ తింటాయి. వాటి గులాబీ రంగు ఆ తిండి పెట్టిందే. పిల్లలప్పుడు అవి ఉత్త బూడిదరంగు.

ఈ పక్షి పేరుతోనే 2001లో ఫ్లెమింగో ఫెస్టివల్ మొదలైంది. 2020 తర్వాత ఆగిపోయి, మళ్లీ 2025 జనవరి 18, 19, 20 తేదీల్లో జరిగింది. పేటలో సభలు, స్టాళ్లు, ఆటపాటలు. నేలపట్టులో పక్షుల సందర్శన. భీములవారిపాళెంలో పడవ షికారు. అదే నెల 29న శ్రీహరికోటలోని రాకెట్ కేంద్రం షార్ నుంచి నూరో రాకెట్ లేచింది. రాకెట్టూ కొంగా ఒకే ఆకాశాన్ని పంచుకునే ఊరు ఇంకెక్కడుంది?

అయితే పేటకు అసలు పండుగ చెంగాళమ్మ జాతర. కాళంగి ఒడ్డున ఉన్న ఆ గుడికి తలుపుల్లేవు. అర్ధరాత్రి వెళ్లినా అమ్మ దర్శనమిస్తుంది. ప్రయోగానికి ముందు ఇస్రో పెద్దలు కూడా వచ్చి దండం పెట్టుకుని వెళతారు. జాతరకు రమ్మని ఊళ్లో ఎవరికీ చెప్పనక్కర్లేదు. అది వాళ్లది. పక్షుల పండుగ ఇంకా అంతగా జనానిది కాలేదన్నదే నా బాధ.

జంతువు పేరిట చేసే పండుగ జనానిదైన చోటు ఒకటుంది. అది థాయిలాండ్‌లో సురిన్ అనే పల్లెటూళ్ల రాష్ట్రం. 1960 నుంచి అక్కడ ఏటా నవంబరులో ఏనుగుల పండుగ చేస్తున్నారు. దానికి ప్రాణం కుయ్ తెగ మావటీలు. ఒకప్పుడు అడవి ఏనుగులను పట్టిన దున్నతోలు తాడును వాళ్లు నేటికీ దేవుడిలా కొలుస్తారు. అంత అనుబంధం ఉన్నా, 1989లో దేశమంతటా అడవుల్లో చెట్లు కొట్టడం నిషేధించాక కలప లాగే ఏనుగులకు పని పోయింది. చాలామంది మావటీలు వాటిని బ్యాంకాక్ వీధుల్లో తిప్పి బతకాల్సి వచ్చింది. జంతువుతో బతికే మనిషికి కూడు దొరక్కపోతే, పండుగ ఎంత ఘనంగా చేసినా ఆ జంతువుకూ దిక్కుండదు.

మన ఉమ్మడి చిత్తూరు జిల్లా పడమటి అంచున ఇంకో రకం కథ నడుస్తోంది. 1980ల్లో పొరుగు రాష్ట్రాల నుంచి ఏనుగులు వచ్చాయి. 1990లో కౌండిన్య అభయారణ్యం ఏర్పడింది. పలమనేరు, కుప్పం రైతు మాత్రం ఇప్పటికీ రాత్రిళ్లు పంటకు కాపలా కాస్తూనే ఉన్నాడు. 2025 మేలో కర్ణాటక, అడవి ఏనుగులను మళ్లించేలా శిక్షణ పొందిన నాలుగు కుంకీ ఏనుగులను ఇస్తే కాస్త ఊపిరి వచ్చింది. వినాయకుడికి గుంజిళ్లు తీసే రైతే అయినా, చెరకుతోటలో ఏనుగు పడితే పండుగ చేసుకోమనలేం కదా.

నేలపట్టులో మాత్రం పక్షికీ రైతుకూ లెక్క ఎప్పుడో కుదిరింది. 1976లో అభయారణ్యంగా ప్రకటించక ముందు నుంచే ఆ చెరువు పక్షులది. అక్టోబరులో గూడబాతులు దిగి, నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద గూళ్లు కడతాయి. పిల్లలు తల్లి ముక్కు కింది సంచిలోకి మెడ దాకా తల దూర్చి చేపలు లాక్కుని తింటుంటే చూస్తూ నిలబడిపోతాం. ఆ పక్కనే నత్తగుల్లకొంగలు, తెల్లకంకణాయిలు, నీటికాకులు. పక్షులు వస్తే వానలు పడతాయని, పంట పండుతుందని ఊరివాళ్ల నమ్మకం. అది వట్టి నమ్మకమే కాదు. రెట్టలు కలిసిన చెరువునీళ్లు పొలానికి పారితే మడికి ఎరువు పెట్టినట్టే. అందుకే ఆ పక్షిని తరమాలన్న ఆలోచన అక్కడ ఎవరికీ రాదు.

పులికాట్ జాలరికి అలాంటి లాభం లేదు. సముద్రపు నీళ్లు లోపలికొచ్చే రాయదొరువు ముఖద్వారం ఇసుకతో పూడిపోతుంటుంది. పోటునీళ్లు రాకపోతే చేపా రొయ్యా తగ్గుతాయి. ఎండాకాలం సరస్సు నెర్రెలు బారితే పక్షికీ తిండి ఉండదు, మనిషికీ ఉండదు. ఈ సరస్సులోని తిప్పల మీది బతుకులను స.వెం. రమేశ్ 'ప్రళయ కావేరి కథలు'లో ప్రాణం పోసి రాశారు. పండుగకు వచ్చే కొత్తవాళ్లకు ఆ పుస్తకం ఒక స్టాల్లో దొరకాలి.

సినిమా పాటల వేదికకు ఒక పూట తగ్గించి, ఆ పూట భీములవారిపాళెం జాలర్ల చేతిలో పెట్టండి. ఏ పక్షి ఏ నీళ్లలో మేస్తుందో పడవలో కూర్చోబెట్టి వాళ్లే చెబుతారు. దానికి వాళ్లకు కూలి కాదు, గైడుకిచ్చే రుసుమే ఇవ్వండి. ముఖద్వారం పూడిక తీత ఎక్కడి దాకా వచ్చిందో కలెక్టరుగారు ఏటా ఆ వేదిక మీదే లెక్క చెప్పాలి.