ఎదుగని బాలుని పాట

గతమును గూర్చిన పాటలు ప్రాతబడిన కొలది మధురములగుట సహజము. భవిష్యత్తును గూర్చిన పాటయే ప్రాతబడి పెద్దలకు బాల్యమును దలపించుట మాత్రము వింత. జపానులో అట్టి పాట యొకటి కలదు.

ఒసాము తెజుకా సృష్టించిన యంత్రబాలుడు అతోము 1963 జనవరి 1న టెలివిజనులో యానిమేషను రూపమున తొలిసారి కనిపించెను. ఆస్ట్రో బాయ్ అని లోకమెరిగినది ఇతనినే. అతోము అనగా పరమాణువు. 1945లో అణుబాంబుల వాతబడిన దేశము తన ముద్దుబిడ్డను ఆ పేరుతోనే పిలుచుకొనెను. మోటారు ప్రమాదమున కుమారుని గోల్పోయిన శాస్త్రజ్ఞుడొకడు వాని పోలికతో యంత్రమును నిర్మించును. అది బిడ్డవలె ఎదుగకుండుట గాంచి సర్కసువారికి అమ్మివేయును.

ఇంతటి దుఃఖగాథకు తత్సువో తకాయ్ కూర్చిన బాణీ ఉత్సాహభరితము. తొలుత దానికి మాటలు లేవు. పిమ్మట మాటలు వ్రాసినవాడు షుంతారో తనికావా. రెండువందల కోట్ల కాంతి సంవత్సరముల ఏకాంతమును గూర్చి 1952లో కవితాసంపుటి వెలువరించిన ఆ కవి, పిల్లలపాట తన స్థాయికి తక్కువని ఎంచలేదు. ఆయన 2024లో కన్నుమూసెను, పాట నిలిచెను.

కథలో అతోము జన్మదినము 2003 ఏప్రిల్ 7. ఆ దినము వచ్చి గడచెను. గగనమున నెగురు బాలుడు రాలేదు. కాని, కథలో అతడు పుట్టిన చోటైన టోక్యోలోని తకదనోబబా రైలుస్టేషనులో, రైళ్లు కదలువేళ ఆ బాణీని ఆ సంవత్సరమే మ్రోగింప మొదలిడిరి.

1963లో విన్న పిల్లలు నేడు వృద్ధులు. విజ్ఞానము మేలునే చేయునను నాటి నమ్మకము వారిలో ఎంత మిగిలినదో చెప్పరాదు. ఎదుగలేదని తండ్రి విడిచిన బాలుని మాత్రము, ఎదిగిన పిదప వారు విడువలేదు.