ఇనుము, అయస్కాంతం, మన మెదడు



ఫిట్సు వచ్చినవారి చేతిలో తాళాలగుత్తో, కొడవలో పెట్టడం మన మారేడుమిల్లి గూడేల్లోనే కాదు, రాజమండ్రి వీధుల్లోనూ చూస్తాము. ఇనుము పట్టుకుంటే ఫిట్సు ఆగుతుందని నమ్మకం. నిజానికి చాలా ఫిట్సు రెండు మూడు నిమిషాల్లో వాటంతటవే ఆగిపోతాయి, పేరు మాత్రం తాళాలకు వస్తుంది. మెదడులోని కణాలు చిన్న చిన్న విద్యుత్ సంకేతాలతో ఒకదానితో ఒకటి మాట్లాడుకుంటాయి. అవి అదుపు తప్పి ఒక్కసారిగా చెలరేగడమే ఫిట్సు. చేతిలోని ఇనుము దానిని ఆపలేదు. (కొడవలైతే గిలగిల కొట్టుకునే చేతిని కోస్తుంది కూడా.) రోగిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో ఏమీ పెట్టకండి. ఐదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి తీసుకురండి.

మరి ఇనుముకీ మెదడుకీ సంబంధమే లేదా? ఉంది, కాని అది ఎమ్మారై గదిలో. ఆ పరీక్షకు చీటీ రాసి పంపితే, "సిస్టరమ్మా, తలలోకి కరెంటు పెడతారంటగా" అని భయపడి వెళ్ళకుండానే ఇంటికి తిరిగిపోయినవారున్నారు. వారి కోసమే ఈ మాటలు.

ముందుగా బొమ్మలు చేసేవారి దగ్గరకు వెళదాము. ఆదిలాబాద్ వైపు ఓజా కుటుంబాలవారు డోక్రా అనే ఇత్తడి బొమ్మలు చేస్తారు. మట్టి దిమ్మ మీద మైనపు తీగలు చుట్టి, పైన మళ్ళీ మట్టి పూసి కాలుస్తారు. మైనం కరిగి పోగా మిగిలిన ఖాళీలో కరిగిన ఇత్తడి పోస్తారు. సొలొమోను మందిరానికి ఇత్తడి సామాను కూడా మట్టిలోనే పోత పోశారని రాజుల గ్రంథంలో చదువుతాము. లోపల బొమ్మ సరిగా వచ్చిందో లేదో తెలియాలంటే పనివాడు మట్టిని పగలగొట్టవలసిందే. మన పుర్రె కూడా అలా మూసిన అచ్చే. దానిని మాత్రం పగలగొట్టి చూడలేము కదా!

గ్రీసు దేశంలో టాకిస్ అనే శిల్పి ఉండేవారు. ఆయన 1959 నుంచి అయస్కాంతాలతో శిల్పాలు చేశారు. ఇనుప మేకుకు దారం కట్టి అయస్కాంతం ఎదుట వదిలితే మేకు దానిని తాకదు, కిందా పడదు, గాలిలో నిలిచి వణుకుతుంది. తరువాత తీగ చుట్టలకు కరెంటు ఇచ్చి, ఆపి, వేలాడే గుండ్లను ఆడించారు. 2019లో మరణించారు. ముట్టుకోకుండా పట్టుకునే బలాన్ని ఆయన జనానికి కంటికి కనిపించేలా చేశారు.

ఎమ్మారై యంత్రంలో ఉన్నదీ అదే బలం. అందులో పెద్ద తీగ చుట్టను ద్రవ హీలియంతో గడ్డకట్టే చలికన్నా ఎంతో ఎక్కువగా చల్లబరచి ఉంచుతారు. ఆసుపత్రుల్లో సాధారణంగా ఉండే యంత్రం బలం భూమి అయస్కాంత బలానికి సుమారు 30,000 రెట్లు. మన శరీరంలో ఎక్కువ భాగం నీరే. ఆ నీటిలోని హైడ్రోజన్ కణాలు ఈ బలానికి వరుసలో నిలుస్తాయి. రేడియో తరంగాలతో వాటిని కదిపితే అవి తిరిగి సంకేతం పంపుతాయి, కంప్యూటరు వాటితో బొమ్మ కడుతుంది. పనసకాయను కోయకుండానే తొనలు లెక్కపెట్టినట్టు! తలలోకి కరెంటు తీగ ఏదీ వెళ్ళదు, ఎక్స్‌రే కిరణాలూ ఉండవు. ఈఈజీ అయినా అంతే. తలకు అంటించే తీగలు మెదడు సంకేతాలను వింటాయి గాని కరెంటు ఇవ్వవు.

ఇంత శ్రమ ఎందుకంటే, ఫిట్సుకు ఒక కారణం బద్దెపురుగు. సరిగా ఉడకని పంది మాంసం వల్ల ఆ పురుగు ఒకరి పేగుల్లో చేరుతుంది. వారి మలంలోని గుడ్లు చేతుల ద్వారా, కడగని కూరల ద్వారా ఇంకొకరి నోట్లోకి వెళితే మెదడులో తిత్తులు కట్టవచ్చు. పంది మాంసం ముట్టనివారికీ వస్తుంది. స్కానులో అది తెలిస్తే చాలామందికి మందులతో నయమవుతుంది. కాని స్కాను చూడకుండా సొంతంగా పురుగు మందు రోజుల తరబడి మింగవద్దు, మెదడు వాచే ప్రమాదముంది.

ఇప్పుడు అసలు జాగ్రత్త. యంత్రం నిశ్శబ్దంగా ఉన్నా దాని అయస్కాంతం ఆగదు. తలపిన్ను కూడా బాణంలా ఎగురుతుంది. బంగారం, ఇత్తడిని అయస్కాంతం లాగదు, అయినా అవి వేడెక్కవచ్చు, బొమ్మను చెడగొట్టవచ్చు. అందుచేత ముక్కుపుడక, కడియం, మెట్టెలు అన్నీ తీయాలి. తాయత్తూ తీయాలి, లోపల ఏముందో కట్టినవారికే తెలుసు. దాని సంగతి పాస్టరుగారు ఎలాగూ చెబుతారు. గుండెకు పేస్‌మేకరు ఉన్నవారు, నాటు తుపాకీ రవ్వలు ఒంట్లో మిగిలిపోయినవారు, కంట్లో ఇనుప రజను పడిన కమ్మరివారు ముందే చెప్పాలి. సిగ్గుపడి దాచవద్దు, కన్ను పోవచ్చు.

లోపల దడదడ మోత వస్తుంది. చెవులకు అడ్డు పెడతారు. తల కదపకుండా అరగంట పడుకోవాలి. ముక్కుపుడక బిగిసిపోయి రానివారు ముందురోజే మా దగ్గరకు రండి. సబ్బునీళ్ళతో తీసి, కాగితంలో చుట్టి, పేరు రాసి మీ చేతికే ఇస్తాము.