గాదె కాచు పిల్లికి పడిశము

మార్గశిర, పుష్య మాసములలో అరకు లోయయందును, పాడేరు, చింతపల్లి కొండలయందును చలి మిక్కుటముగా నుండును. చోడులు, సామలు, ధాన్యము ఇండ్లకు చేరు దినములును ఇవియే. గింజ చేరినచోటికి ఎలుక చేరును. ఎలుకను పట్టుటకు పిల్లి కావలెను. సరిగా ఆ దినములలోనే పిల్లి తుమ్ముచు పొయ్యిచెంత ముడుచుకొని పడియుండును. పిల్లి పడిశము దానంతటదే పోవునని ఊరకుండరాదు. ముఖ్యముగా కూనలు దీనివలన చనిపోవుట కలదు.

వ్యాధికి కారణము

చలి ఈ వ్యాధిని పుట్టించదు; ఒంటి సత్తువ తగ్గించి దానికి దోహదము చేయును. అసలు కారణము ముఖ్యముగా రెండు వైరసులు: హెర్పిస్ వైరసు, కాలిసి వైరసు. తుమ్ము తుంపరలవలన, ఒకే చిప్పలో తినుటవలన, మన చేతులవలన ఇవి ఒక పిల్లినుండి మరియొకదానికి అంటును. హెర్పిస్ సోకిన పిల్లి కోలుకొన్నను వైరసు దాని ఒంటిలో జీవితాంతము దాగియుండి, ఈనినప్పుడు మరల బయటపడి కూనలకు సోకవచ్చును. ఇవి మనుష్యులకు గాని, పశువులకు గాని, కోళ్లకు గాని అంటవు.

గుర్తులు

తుమ్ములు, ముక్కు కారుట, కన్నులు పుసికట్టి అంటుకొనుట, జ్వరము కనబడును. కొన్నింటికి నాలుకపై పుండ్లుపడి చొంగ కారును. పిల్లి వాసన చూచి తిండి తినును. ముక్కు మూసుకొనిపోయినప్పుడు వాసన తెలియక తిండి మానును. రెండు మూడు దినములు పస్తున్నచో కాలేయము చెడును. కనుక తినిపించుటయే సంరక్షణలో ముఖ్యము.

చేయవలసిన పనులు

1. జబ్బుపిల్లిని తక్కిన పిల్లులనుండి వేరుచేసి, పొగ చేరని వెచ్చని మూల గోనెసంచిపై పాతగుడ్డ పరచి ఉంచవలెను. దాని చిప్ప వేరుగా నుండవలెను. దానిని ముట్టిన పిదప చేతులు సబ్బుతో కడుగుకొనవలెను.

2. గ్లాసెడు కాచిన నీటిలో అర చెమ్చా ఉప్పు కలిపి, గోరువెచ్చనైన పిదప అందులో తడిపిన దూదితో కన్నులు, ముక్కు దినమునకు రెండు మూడుసార్లు తుడువవలెను.

3. ఎండుచేపను ఉప్పు పోవునట్లు కడిగి, ఉడికించి, ముళ్లు తీసి, గోరువెచ్చగా కొద్దికొద్దిగా పెట్టవలెను. ఆ వాసనకు పిల్లి ముందుకు వచ్చును. ఉల్లి, వెల్లుల్లి కలుపరాదు. గొంతులో బలవంతముగా పోసినచో ఊపిరితిత్తులలోనికి పోవును.

4. మనుష్యుల జ్వరపు మాత్రయగు పారసిటమాల్ ఎన్నడును ఇయ్యరాదు. ఒక్క మాత్రయే పిల్లి ప్రాణము తీయగలదు. కర్పూరము, నొప్పుల తైలములు పూయరాదు.

వైద్యుని వద్దకు ఎప్పుడు?

నోరు తెరచి ఎగరొప్పినను, ఒక దినము పూర్తిగా తినకున్నను, చీమిడి పచ్చబడినను, కన్ను తెల్లబడినను పిల్లిని గంపలో పెట్టి పశువైద్యశాలకు తీసికొనిపోవలెను. సంతకు పోవు దినమువరకు ఆగరాదు. పిల్లి కరచినను, గీరినను గాయమును సబ్బునీటితో 15 నిమిషములు కడిగి, వెంటనే ఆసుపత్రికి పోవలెను.

ఈ రెండు వైరసులకును టీకా కలదు. కూనలకు 6 నుండి 8 వారముల వయస్సున మొదటిసారి వేయించి, 16 వారములు నిండువరకు 3, 4 వారములకొకసారి మరల వేయించవలెను. టీకా వ్యాధిని పూర్తిగా ఆపకపోయినను దాని తీవ్రతను తగ్గించును. గ్రామాధికారులు ఈ సంగతులను చలికాలమునకు ముందే గూడెములలో తెలియజేసినచో, కోతలనాటికి గాదెకు కాపలా సిద్ధముగా నుండును.