పాత తుపాకుల ఉక్కుపై వన్నెలు

పందొమ్మిదవ శతాబ్దపు వేట తుపాకులను పరిశీలించినవారికి ఒక విశేషము గోచరించును. కొయ్యపిడికిని గొట్టమునకును నడుమనున్న ఇనుప భాగముపై నీలము, ఊదా, గోధుమ వన్నెలు మబ్బులవలె అలముకొని యుండును. ఇది పైపూత కాదు. లోహమును గట్టిపరచు పనిలో ఏర్పడిన వన్నె. అది మాసినపుడు తిరిగి కల్పింపవచ్చునా, కల్పింపవలెనా అను ప్రశ్నలను విచారింతము.

ఆ కాలమున ఈ భాగములను మెత్తని ఇనుముతో చేసెడివారు. మెత్తని ఇనుము దెబ్బకు విరుగదు; కాని రాపిడికి త్వరగా అరుగును. అందుచే లోపలి మెత్తదనమును నిలుపుచు పైపొరను మాత్రమే గట్టిపరచు పద్ధతి నవలంబించిరి. భాగములను ఎముకల బొగ్గు, కొయ్యబొగ్గు పొడులలో కప్పి, ఇనుప పెట్టెలో మూసి, కొలిమిలో సుమారు 750 నుండి 850 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కొన్ని గంటలుంచెడివారు. చల్లని ఇనుము కర్బనమును గ్రహింపదు. ఎర్రగా కాగినపుడు దాని స్ఫటిక నిర్మాణము మారి, కర్బనము పైపొరలోనికి చొచ్చును. పిమ్మట పెట్టెలోనున్న దానినంతయు ఒక్కసారిగా చన్నీటిలో కుమ్మరింతురు. పైపొర గట్టి ఉక్కగును. నీటిలో కరిగిన ప్రాణవాయువుచే దానిపై అతి పలుచని ఆక్సైడు పొర యేర్పడును. ఆ పొర మందము చోటుచోట మారుటచే వేర్వేరు రంగులు కనబడును. నీటిపై తేలు కిరసనాయిలు రంగులకును ఇట్టిదే కారణము.

ఇనుమునకు కర్బనము పట్టించు విద్య మనకు క్రొత్తది కాదు. తెలంగాణలోని నిజామాబాదు జిల్లా కోనసముద్రమున మూసలలో ఉక్కు చేయు విధానమును వాయిసీ అను ఆంగ్లేయుడు వర్ణింపగా, అది 1832లో బెంగాలు ఆసియాటిక్ సొసైటీ పత్రికలో వెలువడినది. ఆ ఉక్కుకై పారశీక వర్తకులు అంతదూరము వచ్చెడివారు. ఉర్దూలో ఫౌలాద్ అనబడు ఈ లోహమునకు ఐరోపావారు పెట్టిన 'వూట్జ్' అను పేరు దక్షిణాది 'ఉక్కు' శబ్దమునుండి పుట్టినదని పలువురి అభిప్రాయము.

మాసిన వన్నెను తిరిగి తెచ్చుటకు మూడు మార్గములు కలవు. మొదటిది పూర్వపు పద్ధతియే. పాత గట్టిపొరను కాల్చి మెత్తపరచి, సానపట్టి, మరల బొగ్గులో కాల్చి నీట ముంచవలెను. ఇందు భాగము వంకరపోవచ్చును, పగులవచ్చును. సానలో చెక్కిన లతలును, ముద్రలును అరిగిపోవును. రెండవది మంటతో వేడిచేయుట. సుమారు 230 డిగ్రీలకు గడ్డి రంగు, 300 డిగ్రీలకు నీలి రంగు వచ్చును. కాని పైపొర గట్టిదనము కొంత తగ్గును. మూడవది సైనైడు లవణములను కరగించి భాగములను ముంచుట. అది ప్రాణాంతక విషము.

ఇదివరకే తుప్పుచే చెడిన భాగమునకు నిపుణుడు మొదటి మార్గము ననుసరించుట సమంజసమే. కొంతైన మూలవర్ణము మిగిలియున్న వస్తువు మాట వేరు. బొగ్గు పాళ్ళు, వేడి, నీరు ఒక్కొక్క కార్ఖానాలో ఒక్కొక్క తీరుగా నుండుటచే వన్నెల తీరును వేరుగా నుండెడిది. కావున మిగిలిన ఆ కొద్ది వన్నె ఆ పనివారి చేతి సాక్ష్యము. క్రొత్త వన్నె యెంత అందమైనను అది నేటి పనివాని రచనయే.

కొల్లేరు 1999లో అభయారణ్యముగా ప్రకటింపబడినది. నాటి వేట నేడు లేదు. పాత ఆయుధములు మాత్రము జ్ఞాపకవస్తువులై నిలిచినవి. డెల్టా తేమయు, బందరు తీరపు ఉప్పుగాలియు ఇనుమునకు శత్రువులు. ఇత్తడి సామానువలె వీనిని చింతపండుతో తోమరాదు. అందలి ఆమ్లము వన్నెను కరగించును. చెమట చేతితో తాకక, మెత్తని గుడ్డతో తుడిచి, పలుచగా మైనము పట్టించి, తోలుసంచిలో గాక పొడిచోట నుంచవలెను. తుపాకి కలవారు 1959 నాటి ఆయుధముల చట్టమును, నూరేండ్లు దాటిన వస్తువులు కలవారు 1972 నాటి పురావస్తు చట్టమును గమనింపవలెను.

విజయవాడ బాపు మ్యూజియములోని పాత కత్తులను, డాళ్ళను చూడబోవు విద్యార్థులు వాని మెరుపునే గాక మాసిన చోట్లను గూడ పరికింతురు గాక. తళతళలాడునట్లు తోమిన వస్తువు మన కంటికి ఇంపైనను, తన చరిత్రను చెప్పలేదు.