చావుకు ధర కట్టిన ఆటలు

తుపాకీ ఆటల్లో చావు రెండు రకాలు. మామూలు షూటర్ ఆటల్లో తూటా తగిలి పడిపోయిన పాత్ర నాలుగైదు సెకన్లలో మళ్లీ లేస్తుంది. తుపాకీ అదే, తూటాలు నిండుగా ఉంటాయి, పోయింది ఒక్క పాయింటు. 'హార్డ్‌కోర్' అని పేరుపడ్డ ఆటల్లో అలా కాదు. అక్కడ చచ్చినవాడు వెంట తెచ్చుకున్నదంతా చంపినవాడి పాలవుతుంది. గురి, తూటా, గోడ, మెట్లు రెండింటిలోనూ ఒకేలా ఉండవచ్చు. చావుకు కట్టిన ధర మారేసరికి ఆడే మనిషి నడక మారిపోతుంది.

ఆ ధర ఒక్కసారిగా పెరగలేదు. 1999లో మిన్ లె, జెస్ క్లిఫ్ 'హాఫ్-లైఫ్' మీద మార్పులు చేసి రూపొందించిన 'కౌంటర్-స్ట్రైక్'లో చనిపోయినవాడు ఆ రౌండ్ ముగిసేదాకా ఊరికే చూస్తూ కూర్చోవాలి. కొనుక్కున్న తుపాకీ కూడా పోతుంది. 2012లో న్యూజిలాండ్‌కు చెందిన డీన్ హాల్ 'ఆర్మా 2' మీద కట్టిన 'డేజీ'లో రోజుల తరబడి ఏరుకున్న తిండి డబ్బాలు, మందులు, తుపాకీ ఒక్క దెబ్బతో పోయి, ఆటగాడు మళ్లీ సముద్రపొడ్డున వట్టి చేతులతో మొదలుపెట్టాలి. తెలుగునాట తుపాకీ ఆటలన్నిటికీ ఉమ్మడి పేరైపోయిన 'పబ్జీ' నిజానికి ఈ లెక్కలో మెత్తనిది. వందమందీ వట్టి చేతులతోనే దిగుతారు, ఓడినవాడికి పోయేది సమయమే.

ధర గట్టిగా తగిలేది రష్యాలో సెయింట్ పీటర్స్‌బర్గ్‌కు చెందిన బ్యాటిల్‌స్టేట్ గేమ్స్ తయారుచేసిన 'ఎస్కేప్ ఫ్రమ్ టార్కోవ్'లో. 2017లో పరీక్షార్థం కొందరికి తెరిచిన ఈ ఆట 1.0 రూపానికి వచ్చింది 2025 నవంబరులో. ఇందులో ఆటగాడికి సొంత కొట్టు ఉంటుంది. అందులోంచి తుపాకీ, కవచం, మందులు ఎంచుకుని 'రెయిడ్'కి వెళ్తాడు. దొరికినవి సంచిలో వేసుకుని, గడువులోగా నిర్ణీత ద్వారం దగ్గరికి చేరి ప్రాణాలతో బయటపడితేనే అవి కొట్టుకు చేరతాయి. దారిలో చస్తే, చిన్న భద్రమైన పెట్టెలో దాచుకున్నవి తప్ప దాదాపు అన్నీ గోవిందా. తెర మీద మిగిలిన తూటాల లెక్క కనిపించదు. మ్యాగజైన్ తీసి చూసుకుంటే సగం ఉన్నాయో, నిండుగా ఉన్నాయో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. ఒంటికి మొత్తం 440 పాయింట్ల ఆరోగ్యం ఉన్నా, అందులో తలది 35, ఛాతీది 85. ఈ రెండింటిలో ఏది సున్నా అయినా అంతే. కాలికి తగిలితే కుంటుతూ, కట్టు కట్టుకుంటూ, మూలుగుతూ ద్వారం దాకా పోవాలి. ఆ మూలుగు పక్కవాడికి వినిపిస్తుంది.

ఇంత నష్టం ముందుండగా మనసు లెక్కలు వేసే తీరు వేరు. డానియెల్ కానెమన్, ఏమాస్ ట్వెర్‌స్కీ 1979లో ప్రకటించిన సిద్ధాంతం ప్రకారం మనుషులు లాభనష్టాలను మొత్తం ఆస్తిలో భాగంగా చూడరు. తాము నిలబడ్డ చోటు నుంచి కొలుస్తారు. పైగా నష్టం లాభం కన్నా బరువుగా తూగుతుంది. 1992లో వాళ్లు తమ ప్రయోగాల నుంచి కట్టిన అంచనా 2.25 రెట్లు. అంటే నూరు రూపాయలు పోయిన బాధ తీరాలంటే సుమారు 225 రావాలి. అన్ని సందర్భాల్లోనూ ఇదే అంకె రాదు గాని, తూకం ఎటు వంగుతుందో మాత్రం స్పష్టమే.

టార్కోవ్ ఆటగాళ్లు దీనికి పెట్టుకున్న పేరు 'గేర్ ఫియర్', సామాను పోతుందన్న భయం. కష్టపడి సంపాదించిన మేలైన తుపాకీ కొట్టులోనే ఉంటుంది. యజమాని నాసిరకం దానితో వెళ్లి మంచి తుపాకీ ఉన్నవాడి చేతిలో చస్తాడు. మళ్లీ నాసిరకమే. పెళ్లిళ్లకని దాచిన పట్టుచీర పెట్టెలోనే మడతల దగ్గర చిరిగినట్టు ఉంటుంది వ్యవహారం. ఇంకో చిత్రం ఏమిటంటే భయం ఆట మధ్యలో కూడా పుడుతుంది. ఏమీ లేకుండా దిగినవాడు మొదటి పది నిమిషాలు సింహంలా తిరుగుతాడు. సంచిలో ఖరీదైన వస్తువు ఒకటి పడగానే పొదల వెంట నక్కి నడుస్తాడు. పది నిమిషాల క్రితం అది అతనిది కాదు. కానీ నిలబడ్డ చోటు మారింది, ఇప్పుడు చస్తే అది 'నష్టం'.

ఈ భయం మితిమీరితే ఎవరూ ఆడరని తయారీదారులకు తెలుసు. అందుకే సామానుకు బీమా ఉంది. చంపినవాడు వదిలేసి వెళ్లిన వస్తువులు కొంతకాలానికి తిరిగొస్తాయి. 'స్కావ్' అనే పాత్ర కూడా ఉంది. ఆట ఏది చేతికిస్తే దానితో దిగడమే, చచ్చినా సొంతది ఏదీ పోదు.

నష్టభయం నుంచి పుట్టేదే ఓపిక. తలుపు వైపు గురిపెట్టి ఐదారు నిమిషాలు కదలకుండా కూర్చునేవాణ్ణి ఆటగాళ్లు 'క్యాంపర్' అని తిడతారు. కొంగ జపం అన్న మాట ఇక్కడ అచ్చంగా సరిపోతుంది. అయితే ఆ జపం తేలిక కాదు. రెండో ప్రపంచయుద్ధంలో రాడార్ తెరల ముందు కూర్చున్న బ్రిటిష్ సిబ్బంది కొంతసేపటికి శత్రు జలాంతర్గాముల గుర్తులను చూడక వదిలేస్తుండేవారు. కారణం వెతికిన నార్మన్ మాక్‌వర్త్ ఒక గడియారం లాంటి పరికరం తయారుచేశాడు. ముల్లు సెకనుకొక అడుగు వేస్తుంది. ఎప్పుడో ఒకసారి రెండడుగులు గెంతుతుంది. ఆ గెంతు పట్టుకోవడమే రెండు గంటల పని. 1948లో వెలువడిన ఫలితం ప్రకారం మొదటి అరగంట తర్వాతే పట్టుకోవడం గణనీయంగా తగ్గింది. ఏమీ జరగని చోటును రెప్పవేయకుండా చూడటం మెదడుకు విశ్రాంతి కాదు, చాకిరీ.

కాబట్టి అనుభవమున్నవాళ్లు కళ్ల భారం చెవులకు పంచుతారు. జర్మనీకి చెందిన క్రైటెక్ తయారుచేసిన 'హంట్: షోడౌన్' దాదాపు ఈ సూత్రం మీదే కట్టిన ఆట. 1890ల నాటి లూసియానా చిత్తడి నేలల్లో పన్నెండు మంది దాకా వేటగాళ్లు తిరుగుతుంటారు. దగ్గరికి వెళితే కాకులు లేస్తాయి, ఎండుపుల్ల విరుగుతుంది, గాజుపెంకు నలుగుతుంది. ఎవరి తొందర వాళ్లను పట్టిస్తుంది. ఇలాంటి చోట ఓపిక అంటే ఊరికే ఆగడం కాదు, ఎదుటివాడి తొందర కోసం ఆగడం.

ఇంత ఓపిక పట్టినవాడికి యంత్రం చేసే అన్యాయం ఒకటుంది. ఆటగాళ్లు దాన్ని 'పీకర్స్ అడ్వాంటేజ్' అంటారు, మూల నుంచి తొంగిచూసి వచ్చేవాడికి దొరికే మొగ్గు. ఇద్దరి కంప్యూటర్ల నుంచీ సర్వర్‌కు వెళ్లి రావడానికి 40 మిల్లీసెకన్లు పడుతుందనుకుంటే, వచ్చేవాడి కదలిక సర్వర్‌కు చేరడానికి 20, అక్కడి నుంచి కాపు కాసినవాడికి చేరడానికి 20. సర్వర్ సెకనుకు 64 సార్లు లెక్క సరిచూస్తే ఇంకో 16 దాకా కలుస్తుంది. కదలిక కుదుపు లేకుండా కనిపించడానికి కాపు కాసినవాడి కంప్యూటర్ రెండు లెక్కలు వెనకగా బొమ్మ గీస్తే మరో 31. వెరసి దాదాపు 87 మిల్లీసెకన్లు. వచ్చేవాడికి మాత్రం తన కదలిక తన తెర మీద వెంటనే కనిపిస్తుంది, గది లోపలి మనిషీ కనిపిస్తాడు. కంటికి కనిపించినదానికి వేలు స్పందించడానికి సాధారణంగా 200 నుంచి 250 మిల్లీసెకన్లు పడుతుంది కాబట్టి ఆ 87 చిన్న సంగతి కాదు. దీనికి తోడు, కాల్చినవాడి తెర మీద తూటా తగిలినట్టుంటే సర్వర్ కాలాన్ని వెనక్కి తిప్పి చూసి దాన్నే ఖాయం చేస్తుంది. గోడ చాటుకు చేరాక కూడా చచ్చిపోయే వింత అలా జరుగుతుంది.

చిరాకు ఎక్కడ రాజుకుంటుందో ఈ ఉదాహరణలోనే ఉంది. గమ్యానికి అడ్డు తగిలితే కోపం వస్తుందన్న సంగతిని జాన్ డాలర్డ్, అతని యేల్ సహచరులు 1939లోనే సిద్ధాంతంగా రాశారు. అడ్డు ఏ రకానిదన్నది అసలు ప్రశ్న. ఆండ్రూ ప్రిజిబిల్‌స్కీ, అతని సహచరులు 2014లో ప్రకటించిన ప్రయోగాల్లో నెత్తురు చుక్క లేని 'టెట్రిస్' లాంటి ఆటలనే ఆడేవాడి చేతికి చిక్కకుండా మార్చినప్పుడు కూడా దూకుడు పెరిగింది. ఆటలోని హింస కన్నా, తన నేర్పు పనికిరాకుండా పోవడమే కోపానికి దగ్గరి కారణమని తేలింది. తప్పు చేసి చచ్చినవాడు తన తప్పును తిట్టుకుంటాడు, మళ్లీ వెళ్తాడు. ఎవడు, ఎక్కడి నుంచి, ఎలా చంపాడో తెలియనివాడికి దిద్దుకోవడానికి ఏమీ మిగలదు. చీటింగ్ సాఫ్ట్‌వేర్ ఇంత విషం ఎందుకవుతుందంటే, వాడేవాళ్లు కొద్దిమందే అయినా, ఉన్నారన్న అనుమానం ప్రతి చావుకూ ఒక సాకు అందిస్తుంది. నేర్చుకోవడం అక్కడితో ఆగిపోతుంది.

చిరాకుపడ్డవాడు మరింత వేగంగా పరిగెత్తుతాడన్నది ఎలుకల దగ్గరా రుజువైంది. 1952లో ఏబ్రం ఆమ్‌సెల్, జాక్వెలిన్ రూసెల్ రెండు దారులు ఒకదాని వెంట ఒకటి కట్టి, మొదటి దాని చివర తిండి పెట్టడం అప్పుడప్పుడు మానేశారు. తిండి దొరకనప్పుడు ఎలుకలు రెండో దారిలో ఇంకా జోరుగా ఉరికాయి. ఆటగాళ్ల భాషలో ఇది 'టిల్ట్'. మాట పిన్‌బాల్ యంత్రాల నుంచి వచ్చింది. కోపంతో యంత్రాన్ని కుదిపితే అది ఆట ఆపేసేది. రెయిడ్‌లో అన్యాయంగా చచ్చానని అనుకున్నవాడు క్షణం ఆగకుండా రెండోదానికి దూకుతాడు, చెవులు మూతపడ్డట్టు పరిగెత్తుతాడు, మొదటి మలుపులోనే పోతాడు. చాలామంది ఒక పూటలో నష్టపోయినదాంట్లో పెద్ద వాటా మొదటి చావుది కాదు, దాని వెంట వచ్చినవాటిదే.

నోటి దాకా వచ్చిన ముద్ద జారితే లాగుడు ఇంకా ఎక్కువ. ల్యూక్ క్లార్క్, అతని సహచరులు 2009లో జూద యంత్రాల మీద చేసిన పరిశోధనలో, కొద్దిలో తప్పిన గెలుపు మామూలు ఓటమి కన్నా చేదుగా ఉన్నా, మళ్లీ ఆడాలన్న కోరికను పెంచింది. గెలుపుకు స్పందించే మెదడు భాగాలు కొన్ని దానికీ స్పందించాయి. ద్వారానికి ఇరవై అడుగుల దూరంలో కూలినవాడు అందుకే ఆట మూసేయడు. వైకుంఠపాళిలో చివరి గడుల దగ్గర పెద్ద పామును పెట్టినవాళ్లకు మెదడు చిత్రాలు అక్కర్లేకపోయాయి.

టార్కోవ్‌లో నష్టాలన్నిటి కన్నా పెద్దది 'వైప్'. సంవత్సరాల పాటు, కొన్ని నెలలకోసారి, తయారీదారులు అందరి కొట్లనూ ఒకేసారి ఖాళీ చేసి ఆటను మొదటికి తెస్తూ వచ్చారు. ఒక్క తూటాకు పోయిన కవచం కోసం బల్ల గుద్దినవాళ్లే ఈ సర్వనాశనానికి రోజులు లెక్కపెట్టుకుని ఎదురుచూసేవాళ్లు. అది అందరిదీ, ముందే తెలిసినదీ. ఆ చివరి రోజుల్లో కొట్లలో నెలలుగా దాచిన మేలైన తుపాకులు ఒక్కొక్కటే బయటికి వచ్చేవి. ఎలాగూ పోయే సామానుకు భయమెందుకని జనం నడివీధిలో పరిగెత్తి కాల్చుకునేవాళ్లు, చచ్చి నవ్వుకునేవాళ్లు. కొత్త దశ మొదలైన మొదటి వారం చేతిలో తుక్కు పిస్తోలు, దాని కోసమూ పొదల వెంట నక్కి నడక.