కాలికి మళ్లీ నడక నేర్పే చదువు

అమ్మా, మన చోడవరం చెరకు పండే నేల. చెరకు నరికి, మోపులు ఎత్తి నడుం పట్టేస్తుంది. కొందరికి పక్షవాతం వచ్చి కాలూ చెయ్యీ పడిపోతాయి. అప్పుడు మందులు ఒక్కటే చాలవు. పడిపోయిన కాలికి మళ్లీ నడక నేర్పాలి. ఆ వ్యాయామం చేయించే వారే ఫిజియోథెరపిస్టు.

మీ అమ్మాయి కూడా ఈ పని నేర్చుకోవచ్చు. దారి ఇది.

పది పాసయ్యాక ఇంటర్‌లో బైపీసీ తీసుకోవాలి. జాగ్రత్త! ఎంపీసీలో చేరితే ఈ దారి దాదాపు మూసుకుపోయినట్టే. ఇంటర్ తరువాత బీపీటీ అనే డిగ్రీ చదవాలి. ఆసుపత్రి శిక్షణతో కలిపి నాలుగున్నర నుంచి అయిదేళ్లు పడుతుంది. ఇంకా చదవాలంటే ఎంపీటీ ఉంది. అది రెండేళ్లు.

ఇన్నేళ్లు ఎందుకు? మన ఒంట్లో 206 ఎముకలున్నాయి. ఏ కండ ఏ ఎముకను కదుపుతుందో తెలియాలి. తెలియకుండా లాగితే ఉన్న నొప్పి పెరుగుతుంది. అందుకే మూడు నెలల సర్టిఫికెట్ ఈ డిగ్రీకి సాటి రాదు. ఈ వృత్తి చదువుకు, రిజిస్ట్రేషన్‌కు 2021లో పార్లమెంటు చట్టం చేసింది.

ఫీజు కట్టే ముందు మూడు మాటలు అడగండి.
కాలేజీకి గుర్తింపు ఉందా?
డిగ్రీ ఏ విశ్వవిద్యాలయం ఇస్తుంది?
ఆసుపత్రి శిక్షణ ఎక్కడ?

సీట్ల నియమాలు మారుతుంటాయి. ఆ ఏటి ప్రకటన చూడండి. దరఖాస్తులో జిల్లా పేరు అనకాపల్లి అని రాయాలి. 2022లో మన జిల్లా మారింది కదా.

సంతకం పెట్టే ముందు కాగితం మీరే చదవండి. ఇప్పుడు మీకు చదువు వచ్చు!